సన్నమెడ తూటా

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో, పక్క సీటు ముసలాయన నన్ను అడగకుండానే నా జేబులోని పెన్ను తీసి మూత ఊడదీశాడు. "రివాల్వరు తూటా ఇట్లే ఉండెనప్పా. ఒళ్లు లావు, మెడ సన్నం," అన్నాడు. ఉరుకుంద నుంచి తిరిగొస్తున్న భక్తులంతా మా వైపు చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

పెన్నును మూతలోకి దూర్చి వెనక్కి జార్చాడు. "చిన్న గుండు జోరుగా పోవల్లని మెడ సన్నం చేసినారు. కాలిస్తే గుండు ముందుకు పోతాది, తూటా డొల్ల ఇట్ల ఎనక్కి జరిగి తూటాలుండే చక్రాన్ని పట్టేస్తాది. ఇంగ తిరగదు."

"అట్లాంటిది ఎందుకు చేశారు?" అన్నాను, ఇంతటితో ఆపుతాడేమోనని.

"నక్కల కోసం. మా సేటు దాంతో అడవి పందిని కాల్చినాడు."

వయసులో ఆయన ఆదోనిలో ఒక పత్తి సేటు దగ్గర తుపాకులు తుడిచేవాడట.

"చక్రంలో తూటా దూరే బొక్కలో నూనె ఉంటే ఇంగా జారుతాది. అది పొడిగా ఉండల్ల. నాకెవరూ సెప్పల్యా. మాది మగ్గాల ఇల్లు, కదిలేదానికి నూనె పెట్టేదే తెలుసు. రెండో దెబ్బకు చక్రం తిరగల్యా. పంది సేటు తొడ చీల్చింది."

"బతికాడా?"

"బతికినాడు. సచ్చేదాకా కుంటుకుంటానే తిరిగినాడు. నన్ను ఒక మాట గూడా అనల్యా."

ఎమ్మిగనూరు వచ్చింది. ఆయన తువ్వాలు కొస మెలిపెట్టి మూత లోపల తుడిచాడు, వెలుతురుకు పెట్టి చూశాడు, మళ్లీ తుడిచాడు. వెనక జనం తోస్తున్నారు.

"అందులో నూనె లేదు పెద్దాయనా, ఇయ్యి," అన్నాను విసుగ్గా.

"సూసుకోవల్ల గదప్పా," అంటూ ఇంకోసారి తుడిచి ఇచ్చాడు.