ఖాళీ కుర్చీతో జంటపాట

1969లో నేను నారాయణగూడలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేసేదాన్ని. ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో ఊళ్ళో గొడవలు. బంద్ అన్నారంటే పట్టపగలే దుకాణాలు మూసేసేవారు, బస్సులు ఆగిపోయేవి. బయట అంత నిశ్శబ్దంగా ఉంటే ఆసుపత్రిలో చిన్న దగ్గు కూడా మేడంతా వినిపిస్తుంది.

అలాంటి రోజుల్లో అశోక్‌నగర్ నుంచి విశ్వనాథం గారిని స్ట్రోక్‌తో, అంటే పక్షవాతంతో, తీసుకొచ్చారు. నలభై దాటిన మనిషి. బెజవాడ వైపు నుంచి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ముఖం ఒక పక్కకు జారింది. ఏమడిగినా నోట్లోంచి "తా, తా" అన్న శబ్దమే వచ్చేది.

ఆయన సంగతులు భార్య కామేశ్వరి గారు చెప్పారు. ఆయన ఆఫీసు అయ్యాక చిక్కడపల్లిలో హార్మోనియంలు బాగుచేసే యాదగిరి అనే స్నేహితుడితో కలిసి పేరడీలు కట్టేవారట. అందరికీ తెలిసిన వరసలో నవ్వొచ్చే కొత్త మాటలు పెట్టడమే పేరడీ. మాటలు ఈయనవి, వాద్యం అతనిది, పాడటం ఇద్దరిదీ. వినాయక చవితి పందిళ్ళలో మంచి పేరు. వాళ్ళ పాటలన్నీ కలిపి గ్రామఫోన్ రికార్డు వేయడానికి ఒక కంపెనీ ఒప్పుకుంది. ఇంకో రెండు పాటలు పాడితే పని పూర్తవుతుందనగా ఈ జబ్బు వచ్చిపడింది.

ఆయన చేరిన కొద్ది రోజులకు, దీపాలు వెలిగించే వేళ, కింద మందుల గదిలో ఉన్న నాకు మేడ మీద నుంచి పాట వినిపించింది. గొంతు హుషారుగా ఉంది. ఒక్క మాట కూడా తడబడటం లేదు. వరస మంగళహారతిది, మాటలు మాత్రం అద్దె ఇంట్లో ఉండేవాడి గోడు.

"కిరాయి పెంచిన ఓనరమ్మా, నీళ్ళెప్పుడొస్తాయి చెప్పవమ్మా..."

ఎవరో రేడియో తెచ్చారనుకుని పైకి వెళ్ళాను. పాడుతున్నది విశ్వనాథం గారు. ముఖంలో నవ్వు లేదు. జారిన పెదవి జారినట్టే ఉంది. చూపు మంచం పక్కనున్న కుర్చీ మీద నిలిచి ఉంది. అందులో ఎవరూ లేరు. ఆయన ఒక చరణం పాడి ఆగారు. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు తల కొంచెం పక్కకు వంచి, ఇంకో చరణం పాడేంతసేపు అలాగే ఉన్నారు. తర్వాత, జవాబు అందినట్టుగా, మళ్ళీ అందుకున్నారు.

దగ్గరికి వెళ్ళి, "విశ్వనాథం గారూ, నీళ్ళు కావాలా?" అని అడిగాను. "తా" అన్నారు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం అదే పాట, అవే విరామాలు. చీకటి పడితే ఆ గదికి వెళ్ళబోమని ఆయాలు అన్నారు. పక్క గది రోగి తాలూకు వాళ్ళు గది మార్పించుకున్నారు. కామేశ్వరి గారు పాట మొదలవగానే గుమ్మం దగ్గరికి వచ్చేసేవారు. ఒకరోజు మంచం కాళ్ళవైపు నిలబడి నాతో, "ఆ పాడేది ఆయన కాదు సిస్టర్ గారూ. ఆయన గొంతులో ఇంకెవరో ఉన్నారు" అన్నారు. ఎవరినో పిలిపించి తాయెత్తు కట్టిద్దామని కూడా అనుకున్నారు.

మా డాక్టర్ గారు ఆమెకు ఓపిగ్గా వివరించారు. దీన్ని అఫేసియా అంటారని, మెదడులో మాటకు సంబంధించిన చోటు దెబ్బతిన్నదని, కంఠతా వచ్చిన పాట ఇంకోచోట పదిలంగా ఉండిపోయిందని చెప్పారు. అర్థం తెలిసి పాడుతున్నారని మాత్రం ఆశ పెట్టుకోవద్దన్నారు. ఈ మాటలన్నీ ఆయన మంచం పక్కనే జరిగాయి. కారణం తెలిశాక కూడా, సాయంత్రం పాట మధ్యలో ఆగినప్పుడల్లా నా కళ్ళు ఆ కుర్చీ వైపే పోయేవి.

యాదగిరి అప్పటికి మహబూబ్‌నగర్ దగ్గర అత్తవారి ఊళ్ళో చిక్కుకుపోయి ఉన్నాడు. కబురు ఆలస్యంగా అందింది, బస్సులు లేవు. ఈ గొడవల్లో అతనెందుకు వస్తాడని చూడటానికి వచ్చిన బంధువులు ఆయన ఎదుటే అనుకున్నారు. ఒక సాయంత్రం అతను దుమ్ముకొట్టుకుపోయిన బట్టలతో వచ్చాడు. అప్పటికే పాట సాగుతోంది. గుమ్మంలో కాసేపు విని, చప్పుడు కాకుండా వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. విశ్వనాథం గారు ఆగి తల వంచగానే, అతను ఇంటి ఓనరమ్మ గొంతు పెట్టి మెల్లగా అందుకున్నాడు.

"నల్లా ఒచ్చినప్పుడు ఒస్తయ్ తమ్మీ, గప్పటిదాంక బిందె కడుగు తమ్మీ..."

అది ఆ విరామంలో అచ్చంగా సరిపోయింది. అది రికార్డు కోసం వాళ్ళు కొత్తగా కట్టిన పాటట, ఇంట్లో ఇంకా ఎవరూ వినలేదు. ఇన్నాళ్ళూ ఆయన స్నేహితుడి వంతు వదిలిపెట్టి పాడుతున్నారని అప్పుడు తెలిసింది.

మర్నాడు యాదగిరి నాతో, "సిస్టరమ్మా, గింత మంచిగ పాడుతుండు. మిగిలిన రెండు పాటలు ఈడనే టేపు చేస్త" అన్నాడు. నేను వద్దన్నాను. ఆయనకు తెలియకుండా ఆయన గొంతు పట్టుకుపోవడం నాకు నచ్చలేదు. కామేశ్వరి గారైతే ఆ గొంతు ఇంకెక్కడా వినిపించకూడదన్నారు. రోగి ఒప్పుకుంటే అభ్యంతరం లేదన్నారు డాక్టర్ గారు. మాట రాని మనిషి ఎలా ఒప్పుకుంటాడు? యాదగిరి చాలాసేపు ఆలోచించి, "మాటల అడిగితే చెప్పడు. పాటల అడుగుత" అన్నాడు.

ఆ సాయంత్రం తన వంతు రాగానే అతను మాటలు మార్చాడు. "మిగిలిన పాటలు పాడుదమా తమ్మీ, ఇడిసిపెడుదమా చెప్పు తమ్మీ..."

విశ్వనాథం గారి చరణం రాలేదు. పాట అలా నడుమ తెగిపోవడం అదే మొదటిసారి. ఎడమచెయ్యి మంచం పట్టె మీద తాళం వేస్తూనే ఉంది. పెదవులు ఏదో వెతుక్కుంటున్నట్టు కదులుతున్నాయి. ఆయన చూపు యాదగిరిని దాటి, గుమ్మంలో నిలబడ్డ భార్య మీదికి వెళ్ళింది. అదే హారతి వరసలో, ఒక్కొక్క ముక్కే వచ్చింది.

"నేనే... పాడేది నేనేనమ్మా... కామేశ్వరమ్మా... నేనేనమ్మా..."

ఆవిడ అన్న మాట ఆయన విన్నారు. డాక్టర్ గారి మాటా, బంధువుల మాటలూ కూడా అలాగే పడుకుని విని ఉంటారు. కామేశ్వరి గారు నెమ్మదిగా లోపలికి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఆయన అప్పుడు యాదగిరి వైపు తిరిగి, "పాడుదాం" అన్న ఒక్క మాటను రాగం తీశారు.

ఒక బంద్ రోజు మధ్యాహ్నం, వీధిలో అలికిడి లేని వేళ చూసి, స్పూల్ టేప్ రికార్డర్ తెచ్చి రెండు పాటలూ పట్టారు. కిరాయి పాట వాటిలో ఒకటి. నేను గది బయట కాపలా ఉన్నాను. రెండో పాటలో ఒక మాట తప్పు పడింది. పర్వాలేదని యాదగిరి సాగిపోబోతే, విశ్వనాథం గారు మంచం పట్టె మీద గట్టిగా కొట్టి ఆపించి, మొదటి నుంచి పాడారు.

తర్వాత యాదగిరి రోజూ వచ్చి, నీళ్ళు కావాలి, దిండు మార్చు లాంటి మాటలను తెలిసిన వరసల్లో పెట్టి నేర్పాడు. వాటితోనే ఆయన ఇంటికి వెళ్ళారు. రాగం లేకుండా మాట ఎప్పటికీ రాలేదు. బజారులో అలా పాడి అడిగితే కొందరు నవ్వేవారట, కొందరు పక్కకు తప్పుకునేవారట. కామేశ్వరి గారు మాత్రం మామూలు మాటల్లో జవాబు చెప్పేవారు.

రికార్డు విడుదలయింది. ఒకసారి చిక్కడపల్లిలో ఒక హోటల్లో కిరాయి పాట పెట్టారు. బల్లల దగ్గరి వాళ్ళంతా విరగబడి నవ్వారు. నాకు ఆ నవ్వని ముఖమే కనిపించి, టీ సగంలో వదిలేసి లేచాను.

ఆ కేసు తర్వాత, మాట పోయిన రోగి ఎదుట ఆ రోగి గురించి నేను ఎవరినీ మాట్లాడనివ్వలేదు. చాలా ఏళ్ళకు ఒక ముసలమ్మను తెచ్చారు. ఆమె కూడా స్ట్రోక్ కేసే. కళ్ళు తెరుచుకునే ఉండేవి కానీ పలకరిస్తే ఏ కదలికా లేదు. అమ్మకేం తెలుస్తుందిలే అనుకుంటూ, ఆమెను ఎవరింటికి తీసుకెళ్ళాలో కొడుకులు మంచం పక్కనే తేల్చుకోబోయారు. వరండాలోకి రండి, అక్కడ మాట్లాడుకుందాం అన్నాను. విసుక్కుంటూనే వచ్చారు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూశాను. ఆమె కళ్ళు మా వెంటే వస్తున్నాయి.