నేను కలిపిన సబ్బు మాట

మొన్న మా చిన్నకోడలు ప్రసవించినప్పుడు, నిండా పాతికేళ్లు కూడా లేని ఒక నర్సు వచ్చి, రొమ్ములకు సబ్బు వాడొద్దని, స్నానం చేసేటప్పుడు ఉత్త నీళ్లు చాలని, చేతులు మాత్రం శుభ్రంగా కడుక్కుని బిడ్డను పట్టమని గడగడా చెప్పి వెళ్లిపోయింది. ఇన్నేళ్లు నర్సుగా చేసినదానివి, ఇది నిజమేనా అత్తమ్మా అని కోడలు నన్నడిగింది. నిజమేనని తలూపాను గానీ, ఆ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నేనెంత తలదించుకోవలసి వచ్చిందో ఆమెకు చెప్పలేకపోయాను. నా ఈడువాళ్లు కాబట్టి మీతో చెప్పుకుంటున్నాను.

రెండువేల నాలుగో, ఐదో సరిగ్గా గుర్తులేదు గానీ, అప్పట్లో నాగల్‌గిద్ద వైపు ఊళ్లు నాకు అప్పగించారు. పొద్దున్నే ఖేడ్ పట్నంలో బస్సెక్కి, అది దింపిన చోటి నుంచి కందిచేల గట్ల వెంట నడుచుకుంటూ, భుజాన సంచీలో బిడ్డలను తూచే కాటా వేసుకుని, బాలింతలున్న ఇళ్లన్నీ తిరిగేదాన్ని. పాలిచ్చే తల్లి రొమ్ములను శుభ్రంగా ఉంచుకోవాలని మాకు శిక్షణలో చెప్పారు. అంతవరకే చెప్పారు. శుభ్రమంటే సబ్బు లేకుండా ఎట్లా అని నాకు నేనే అనుకుని, బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ ముందు సబ్బుతో కడుక్కోవాలని ఇంటింటా చెప్పుకుంటూ పోయాను. ఊళ్లో ఆడవాళ్లు సరే సరే అని, నేను గడప దాటగానే మరిచిపోయేవాళ్లు. వాళ్లు మరిచిపోతున్నారని నాకు ఎంత కోపమో!

ఒక్క పిల్ల మాత్రం మరిచిపోలేదు. కన్నడం మాట్లాడే ఊరి నుంచి ఇటు కోడలిగా వచ్చిన పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో. మొదటి కాన్పులో బిడ్డ నెల తిరగకముందే పోయాడు, ఇది రెండోది. పన్నెండో రోజున నేను వెళ్లేసరికి బిడ్డ ఏడ్చే ఓపిక కూడా లేక సన్నగా మూలుగుతున్నాడు. కాటాకు వేలాడదీసి చూస్తే పుట్టిననాటి బరువుకు కూడా చేరలేదు. తల్లి చనుమొనలు రెండూ పగిలి, నెత్తురోడుతున్నాయి. బిడ్డ నోరు తగలగానే ఆమె పళ్లు బిగపట్టుకుంటోంది. అత్త అప్పటికే ఖేడ్ దాకా పోయి పాలసీసా కొనుక్కొచ్చింది.

"ఇగ పాలిచ్చుడు బంద్ పెట్టిస్తా నర్సమ్మా, దీని గోస నేను సూడలేను" అంది.

ఆ ఎండాకాలంలో, ఆ నీళ్లతో, ఆ సీసా ఎవరు మరగబెడతారు? ఈ బిడ్డ కూడా దక్కడేమోనని భయమేసింది. అప్పుడే ఊరంతా దాదీ అని పిలిచే పక్కింటావిడ లోపలికి వచ్చింది. ఇంట్లో ఉర్దూ, వాకిట్లోకి వస్తే తెలుగు మాట్లాడే ముసలామె, ఊరి కాన్పులన్నీ ఒకప్పుడు ఆమె చేతుల మీదుగానే జరిగాయి. దవాఖాన కాన్పులు వచ్చాక ఆమెను ఎవరూ పిలవడం లేదు. నేనైతే ఆమెను చూసి మొహం తిప్పుకునేదాన్ని. ఆమె మాత్రం నీళ్లడిగి, మోచేతుల దాకా చేతులు రుద్దిరుద్ది కడుక్కుని, వెలుగులో ఆ పిల్ల రొమ్మును చూసింది.

"గిదేంది బిడ్డా, గింత ఎండిపోయింది? ఏం పెట్టి కడుగుతున్నవ్?"

సబ్బు అని చెప్పింది ఆ పిల్ల. ఎవరు చెప్పారని అడిగితే మాత్రం ఒక్కసారి నావైపు చూసి, తల వంచుకుని, ఎవ్వరూ చెప్పలేదు, నేనే అంది.

ఆ అబద్ధం నాకోసమే. నేనే చెప్పిన దాదీ అని నా నోటితో నేను ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అల్లా గాడనే జర నూనె పెట్టిండు నర్సమ్మా. మీరు కడిగి పారేస్తుండ్రు" అంది, అంతే.

ఆ తరువాత ఆమె చేసినదాన్ని నేను నోరు తెరుచుకుని చూశాను. బిడ్డ మొననే కొరికి పట్టుకుంటున్నాడని, ఒళ్లోకి దగ్గరగా తిప్పి, నోరు బాగా తెరిచేదాకా ఆగి, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా లోపలికి వెళ్లేట్టు పట్టించింది. ఆ పిల్ల బిగపట్టిన భుజాలు మెల్లగా దిగాయి. బిడ్డ గుటకలు వేసే చప్పుడు గది అంతా వినిపించింది. తాగాక ఒక్క చుక్క పాలు పిండి పగుళ్ల మీదే రాసి, గాలికి ఆరనిమ్మంది. పాలకు తడిసిన రవిక విప్పించి, ఎండలో ఆరిన మెత్తని పాతచీర గుడ్డ తెప్పించి ఇచ్చింది. పుస్తకాలు చదివి, పరీక్షలు రాసి, ఇరవై ఊళ్లు తిరిగిన నేను ఆ ముసలి వేళ్ల ముందు చిన్నపిల్లనైపోయాను. అంత తెలిసిన మనిషిని చూసి మొహం తిప్పుకున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వారం తరువాత వెళ్తే పగుళ్లు మానాయి, బిడ్డ బరువు పెరిగి కాటా ముల్లు ఇంకాస్త కిందికి దిగింది, పాలసీసా గూట్లో దుమ్ముపట్టింది. అంత మండుతుంటే సబ్బు ఎందుకు మానలేదని ఆ పిల్లను మందలించినట్టుగా అడిగాను.

"నువ్వే జెప్పినవ్ గదా నర్సమ్మా. పోయిన బిడ్డకు కడగకుండనే పాలిచ్చిన. గందుకే సచ్చిపోయిండనుకున్న."

ఆమె చేతులు పట్టుకుని, అది కారణం కాదు, నీ తప్పేమీ లేదు అని ఎన్నిసార్లు చెప్పానో. ఆమె కళ్లు తుడుచుకుని, నువ్వు జెప్తున్నవంటే నిజమే ఉంటది అంది. ఆ మాటా నమ్మింది.

ఇప్పుడు మా వీధిలో బాలింతలకు నేనేదైనా చెబితే మర్యాదగా విని, పక్కకు తిరిగి ఫోనులో చూసుకుంటారు. చూసుకోవాల్సిందే. ఆ పిల్ల చేతిలో అట్లాంటిదొకటి ఉంటే పన్నెండు రోజులు నెత్తురోడేది కాదు, పోయిన బిడ్డ బరువును నా మాట వల్ల మోసేది కాదు. ఇదంతా తెలిసి కూడా, నేను చెప్పానన్న ఒక్క కారణానికి అంతగా నమ్మే మనిషి ఇంక నాకు ఎదురుపడదు కదా అనుకుంటే మనసు చిన్నబోతుంది.