గాజు పోగుకు నేత ముడి

మా వీధికి ఫైబర్ ఇంటర్నెట్ వస్తోందన్న కబురు ఫైబర్ కన్నా ఎనిమిది నెలలు ముందొచ్చింది. సూరత్‌లో పర్వత్ పాటియా వెనక నలభై ఇళ్ల వీధి మాది. సగానికి పైగా కరీంనగర్ వైపు నుంచి సాంచాలు నడపడానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్లం. సాంచా అంటే మరమగ్గం. ముప్పై ఏళ్లు దాని మోత విన్న చెవులకు, చప్పుడు చెయ్యకుండా వచ్చే వస్తువు ఏదైనా అనుమానమే. అందుకే గోడ మీద అంటించిన కాగితాన్ని మొదట ఎవరం నమ్మలేదు. నమ్మాక మాత్రం మమ్మల్ని పట్టడం ఎవరివల్లా కాలేదు.

పక్క సందులోకి ఫైబర్ తీగ పోయే నారింజ రంగు గొట్టం వచ్చిందని తెలిసిన రోజు వీధి మొత్తం సాయంత్రం షికారుకు ఆ సందులోకే వెళ్లింది. నేను రెండుసార్లు వెళ్లాను. రెండోసారి గొట్టాన్ని ముట్టుకుని వచ్చాను. అయినా అంతర్జాలానికి మా మీద జాలి కలగడానికి ఇంకా నాలుగు నెలలు పట్టింది. ఈలోగా పసుపు హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన వీధిలో కనిపిస్తే, మూడిళ్ల వాళ్లం పోటీపడి చాయ్ ఇచ్చాం. మా ఇంట్లో బజ్జీలు కూడా వేశారు. నాలుగో బజ్జీ నములుతూ ఆయన, తను గ్యాస్ పైపు తనిఖీకి వచ్చానన్నాడు. ఆ తర్వాత ప్రతి వారం తనిఖీకి వచ్చాడు. సూరత్‌లో మా అంత భద్రమైన గ్యాస్ పైపులు ఎవరికీ లేవనుకుంటాను.

అందరికీ అది సరదా. మా అమ్మాయికి మాత్రం అవసరం. కొనుగోలుదారుల ఫిర్యాదులకు ఇంటి నుంచే జవాబులు రాసే ఉద్యోగం వచ్చింది. షరతు ఒక్కటే: ఇంట్లో వైరు ద్వారా వచ్చే నెట్ ఉండాలి. సోమవారం పొద్దున పది గంటలకు కంపెనీవాళ్లు పుణె ఆఫీసు నుంచే పరీక్షిస్తారు. నెగ్గితే ఇల్లే ఆఫీసు. లేదంటే పుణె, అక్కడొక హాస్టలు.

"హాస్టల్ల నలుగురితోని ఒక్క రూముల వుండుడు నాతోని గాదు బాపూ," అంది అమ్మాయి. "ఈడనైతే మీరు ఇద్దరే. తలుపేసుకుంటే అయిపాయె."

శనివారం నాడు అసలు మనిషి వచ్చాడు. నడివయసు గుజరాతీ, నడుముకు పనిముట్ల సంచి. స్తంభం నుంచి నల్లటి తీగ లాగి, మా డాబా మీది మెట్ల గదిలో చుట్టగా చుట్టి పెట్టాడు. సరిగ్గా హాల్లో టీవీ పక్క దాకా వచ్చేంత పొడవు. అతికే మషీను సోమవారం తొమ్మిదింటికి తెస్తానని, అప్పటిదాకా తీగను ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి వెళ్లాడు. నాకు గుజరాతీ బాగానే అర్థమవుతుంది. ఆ చివరి మాట మాత్రం ఎందుకో చెవి దాకా వచ్చి చేతి దాకా రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్లు హెడ్‌ఫోన్లు కొనడానికి బజారుకు వెళ్లారు. ఇంట్లో నేను, పైన ఆ నల్ల చుట్ట. నేను చుట్ట మానేసి పదిహేనేళ్లయింది. ఈ చుట్ట మాత్రం పిలుస్తూనే ఉంది. కొత్త నూలు కనిపిస్తే వేళ్ల మధ్య నలిపి ఎంత సన్నమో చూడందే మా వాళ్లకు నిద్ర పట్టదు. చూసి వదిలేద్దామనే బ్లేడుతో కొస కొంచెం ఒలిచాను. రెండు ఇనప తీగల మధ్య ఒకే ఒక్క పోగు. నా తల మీద మిగిలిన వాటికన్నా సన్నం. నలిపాను. లాగాను. టిక్కుమంది.

పోగు తెగితే ఏం చేస్తాం, అతుకుతాం. కదిలే సాంచా మీద కళ్లు మూసుకుని నేత ముడి వేసిన చెయ్యి ఇది. రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి వేసి, బొటనవేలి చుట్టూ తిప్పి, బిగించాను. టిక్కు. అక్కడికి కత్తిరించి, మళ్లీ ఒలిచి, మళ్లీ బిగించాను. టిక్కు. పోగు అతకబోయి పోగొట్టుకుంటూ పోతున్నాను. ఒక్కో ముడికి మూరెడు తీగ ఖర్చు.

పక్క డాబా మీద నుంచి మా బావ చూశాడు. నా భార్యకు అన్న వరస, నాతో పాటే సాంచాలు నడిపినవాడు. పిట్టగోడ దాటి వచ్చాడు.

"ఒక్కనివే గూసోని ఏం జేస్తున్నవ్ బావా?"

"పోగు తెగింది."

"తెగిందా, తెంపినవా?"

"తెగింది బావా."

"సాంచా నడిపినన్ని దినాలు గూడ గిదే మాట జెప్తివి. జరుగు. నీ ముడి బట్టల కనవడుతది. నాది కనవడది."

బావ ముడి నిజంగానే కనబడలేదు. వెయ్యకముందే టిక్కుమంది. వేలు తడి చేసుకుని మళ్లీ కూర్చున్నాడు. "గిదేం నూలు బావా, గింత కోపముంది దీనికి," అన్నాడు. ఇక పట్టుదల వచ్చింది. వంతులు వేసుకున్నాం. ఒకరు ముడి వేస్తుంటే ఇంకొకరు తప్పులు పట్టాం. నిజం చెప్పాలంటే, రిటైరయ్యాక అంత సంతోషంగా గడిచిన మధ్యాహ్నం లేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడేసరికి ఆలస్యమైంది.

"ఏంది, ఇద్దరు ముసలోళ్లు గిట్ల గూసున్నరు?" అంది నా భార్య. తర్వాత నేల మీది తీగ ముక్కలు చూసింది. "అన్నా, ఈనకంటె తెలివి లేదు. నీకేమైంది?"

"నేను ఇప్పుడే వచ్చిన చెల్లె," అన్నాడు బావ.

అమ్మాయి మిగిలిన చుట్ట విప్పి, కొస పట్టుకుని మెట్లు దిగబోయింది. టీవీ దాకా రావలసిన తీగ మొదటి మెట్టు దగ్గరే బిగుసుకుపోయింది. అక్కడే కూర్చుని నా వైపు చూసింది.

"బాపూ, పుణెకు టికెట్ నువ్వు తీస్తవా, నేనే తియ్యాల్నా?"

నవ్వుతూ అని ఉంటే బాగుండేది.

సోమవారం తొమ్మిదింటికి రావలసిన మనిషి తొమ్మిదింబావుకి వచ్చాడు. నేను చెప్పకముందే తీగ కొస చూసి, "కాకా, ఆ దోరో నథీ. కాచ్ ఛే," అన్నాడు. అది దారం కాదు, గాజు అని నాకు అంతకు ముందు రోజే పద్దెనిమిది సార్లు తెలిసింది. వేరే తీగ ఉందా అని అడిగితే బుధవారం దాకా రాదన్నాడు. గడియారం చూశాను. అమ్మాయి కూడా చూసింది.

"వైరు ఏడిదాంక వస్తే నేను ఆడనే గూసుంట," అంది. "కుర్చీ తీస్కరాపో బాపూ."

అంత వేగంగా మెట్లు దిగి ఎక్కడం నాకే వింత. ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. మెట్ల గదిలో మూల పడి ఉన్న పాత నూలు కండెల పెట్టె బల్ల అయింది. బావ తన ఇంటి నుంచి పిట్టగోడ మీదుగా కరెంటు బోర్డు లాగాడు. నా భార్య అక్కడ ఎండబెట్టిన అప్పడాల పళ్లేలు ఎత్తేసింది. ఫైబర్ మనిషి అతికే మషీను తెరిచాడు. అరచేతిలో పట్టేంత డబ్బా. దాని తెర మీద మా పోగు రెండు కొసలూ రెండు దూలాల్లా కనిపించాయి. అవి మెల్లగా దగ్గరికి జరిగాయి. చిన్న మెరుపు. అంతే, ఒకటే దూలం.

బావ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ముడి యాడ వోయింది బావా?"

జీవితంలో మొదటిసారి ఒక అతుకు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

గోడకు బిగించిన నెట్ డబ్బా మీద పచ్చదీపం వెలిగేసరికి పదికి రెండు నిమిషాలు. చుట్టుపక్కల డాబాల మీద వీధి మొత్తం ఉంది. అందరి చేతుల్లోనూ ఆరేసే నెపానికి ఒక్కో బట్ట. పుణె నుంచి ఒకావిడ లాప్‌టాప్ తెర మీదికి వచ్చి ఏవో నొక్కమంది, అమ్మాయి నొక్కింది. నెట్ వేగం చూపే మీటరు ముల్లు మా వీధిలో ఏ బండీ ఎరగని వేగానికి వెళ్లి ఆగింది. ఆవిడ కాసేపు చూసి, మీ వెనక అంతమంది ఎవరని హిందీలో అడిగింది.

"పడోసీ హై, మేడమ్," అంది అమ్మాయి. "ఇంటర్నెట్ దేఖ్నే ఆయే హై."

ఇరుగుపొరుగు ఇంటర్నెట్ చూడ్డానికి వచ్చారని విని ఆవిడ నవ్వి, రేపటి నుంచి పనిలో చేరమంది. అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి మా వైపు తిరిగి తల ఊపింది. బావ చేతిలోని తడి లుంగీని గాల్లోకి విసిరాడు. అది పక్కింటి నీళ్ల ట్యాంకు మీద పడింది. ఎవరూ తియ్యలేదు. నా భార్య బజ్జీల పిండి కలపడానికి కిందికి పరుగెత్తింది. నేను నేల మీది గాజు ముక్కలు ఏరుతున్నానని చెప్పి కాసేపు తల వంచుకునే ఉన్నాను.

బుధవారం ఫైబర్ మనిషి కొత్త తీగ తెచ్చాడు, హాల్లోకి దింపుతానన్నాడు. అమ్మాయి వద్దంది.

"ఈడ మంచిగుంది. మోకాళ్ల నొప్పికి బాపు మాటిమాటికి పైకి రాడు."

అయినా వెళ్తాను. పదకొండింటికి, నాలుగింటికి చాయ్ ఇచ్చి వస్తాను. ఒక చేతిలో చాయ్ ఉంటుంది, రెండో చెయ్యి తీగ వైపు పోకుండా వీపు వెనక. అమ్మాయి ఫిర్యాదులకు జవాబులు రాస్తూనే, నేను మెట్లు దిగేదాకా ఆ రెండో చేతిని చూస్తూ ఉంటుంది.