రెండు మాటలు మార్చి రాసిన ఉత్తరం

నా చిన్నప్పుడు, పదేళ్లైనా నిండకముందే, ప్రేమ ఉత్తరాలు మోసిన దాన్ని నేను. మాది టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఊరు. ఎండాకాలంలో ఇంటింటా ఆడవాళ్లు బీడీలకు వాడే తునికాకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి, ఆకు కొనే కళ్లంలో ఇచ్చేవారు. ముదురాకు కనిపిస్తే ఆ కట్టను తిప్పి పంపేవారు. పక్కింటి అక్కకు అలా వాపసొచ్చే కట్టల్లో ఉత్తరాలుండేవి. రాసేది కళ్లం చూసే పెద్దమనిషి కొడుకు. మణుగూరు బొగ్గుబాయిలో కొత్తగా కొలువు దొరికి, సెలవు మీద ఇంటికొచ్చి ఉన్నాడు. కట్టలు తెచ్చేది నేను.

ఆ ఏడే అక్కకు ఖమ్మంలో నర్సు ట్రైనింగ్ సీటొచ్చింది. చెప్పిన రోజు సాయంత్రంలోగా చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. ఆ పొద్దున పది గంటల బస్సే దిక్కు. సరిగ్గా దానికి ముందురోజే అతను తొందరలో పొరపాటున మా నాయనమ్మ కట్టలో ఉత్తరం పెట్టి పంపాడు.

నాయనమ్మ ఆకు ఏనాడూ వాపసు రాలేదు. "నా కట్ట తిప్పి పంపుడేంది?" అని అక్కడికక్కడే విప్పింది. కాగితం జారిపడింది. ఆమెకు చదువు రాదు. ఎవరికని గద్దిస్తే అక్కకని చెప్పేశాను. అక్కను పిలిచి, తలుపు వేసి, నాతో చదివించింది.

"నువ్వు దవాఖానల కష్టపడుతుంటె నేను చూడలేను. కొలువు గిలువు వద్దు. నేను సంపాదిస్త, నువ్వు ఇంట్ల రాణి లెక్క ఉండు. నామీద నిజంగ ప్రేముంటే రేపు బస్సెక్కకు."

అక్క ముఖం వెలిగిపోయింది. "నేను పోను, అవ్వా" అంది. దాచడమెందుకు, నా ఒళ్లూ పులకరించింది.

నాయనమ్మ తిట్టలేదు. "మంచిగ రాసిండు పిలగాడు. నువ్వు గూడ గిదే రాయి. దవాఖాన కాడ బొగ్గుబాయి అను, రాణి కాడ రాజు అను. ఇంకేం మార్చకు. చదివి ఆయన మురిస్తె నువ్వు బస్సెక్కకు. లగ్గం సంగతి మీ నాయనతోని నేనే మాట్లాడుత."

"మురువకేం జేస్తడు?" అక్క నవ్వుకుంటూనే రాసింది.

మర్నాడు పొద్దున్నే ఆ కాగితం పట్టుకుని కళ్లం దగ్గరికి వెళ్లాను. అతను చిరునవ్వుతో చదవడం మొదలుపెట్టాడు. సగంలో లేచి నిలబడ్డాడు.

"ఏందే ఇది? ఆడదాని సంపాదన తినుకుంట ఇంట్ల కూసోవాల్నా? నేనేమన్న చేతులు పడిపోయినోణ్ణా?"

కాగితం నాలుగు ముక్కలు చేశాడు. నేను బెదిరిపోవడం చూసి గొంతు తగ్గించాడు. "చదివి నవ్విండని చెప్పు. గంతే."

పరుగెత్తాను. ఒక్క అబద్ధం చెబితే లగ్గం, నాకు కొత్త బట్టలు. అక్క వాకిట్లో నిలబడి ఉంది. "నవ్విండా?" అని అడిగింది. పది కావస్తోంది. నాయనమ్మ నా వైపు చూడనైనా చూడలేదు. చివరికి అన్నీ చెప్పేశాను, చేతులు పడిపోయిన మాటతో సహా.

అక్క నాయనమ్మ వైపు తిరిగింది. "ఆయన మాటలే గదా అవ్వా. నాకు ముద్దొచ్చినయి, ఆయనకు తిట్లెట్లయినయి?"

నాయనమ్మ అక్క పెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు వైపు నడిచింది. అక్క వెనకే నడిచింది. బస్సు కనిపించాకే ఏడ్చింది. ఏడుస్తూనే ఎక్కింది.

అతను చెడ్డవాడు కాదు. అక్కను ప్రేమించాడనే నేటికీ నమ్ముతాను. నన్ను భయపెట్టేది అదే. ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెట్టడానికి కర్ర పట్టుకున్నవాణ్ణి ఎదిరించవచ్చు. రాణివి అంటూ కూర్చోబెట్టేవాడికి మనమే పీట వేస్తాం. ఆ పులకరింత పుట్టుకతో వచ్చింది కాదు, మనకు నేర్పింది. నేర్పినదాన్ని ప్రశ్నించవచ్చునని నాకు చూపింది అక్షరం రాని మనిషి.

ఇప్పటికీ ఏ పిల్లైనా ఫోన్లో అలాంటి తియ్యటి మాట చూపిస్తే వద్దనీ చెప్పను, సరేననీ అనను. అదే మాట అబ్బాయికి తగ్గట్టు తిప్పి, రాసినవాడికే పంపి, ఏమన్నాడో నాకు చెప్పమంటాను. కొందరు నవ్వుతూ వచ్చి చెబుతారు. కొందరు మళ్లీ రారు. వాళ్ల కోసమే ఎదురుచూస్తుంటాను.