మా మరదలి పేజీ పైనున్న రోజులు

మొన్న విజయనగరంలో ఏవో కాగితాలు జిరాక్సు తీయించుకుందామని వెళితే, ఆ షాపాయన నా పని పక్కనపెట్టి, ఫోనులో వెతికితే తన షాపు పేరే ఊళ్ళో అందరికంటే పైన వస్తోందని చూపించి మురిసిపోయాడు. బాగుందని పైకి అన్నాను గానీ, అరవై దాటిన ఈ వయసులో, ఎప్పుడో ఆరిపోయిందనుకున్న మంట ఒకటి లోపల చిన్నగా రాజుకుంది. ఆ మంటను మొదటిసారి నాలో రగిల్చింది మా తమ్ముడి భార్య. పాపం, ఆవిడ తప్పేమీ లేకుండానే.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇంటర్నెట్ సెంటర్లలో చెక్క అరల మధ్య ఇరుక్కుని కూర్చున్న కాలం. నేను అప్పటికి టైపు నేర్పడం మాని కంప్యూటర్ నేర్పుతూ, తీరిక దొరికితే షాపులవాళ్ళకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చేవాణ్ణి. సెర్చ్ ఇంజన్ దేన్ని చూసి ఒక పేజీని పైకి తెస్తుందో, దేన్ని చూసి కిందకి తోస్తుందో సరిగ్గా చెప్పేవాళ్ళు లేరు. శీర్షికే ముఖ్యమని ఒకరంటే, వేరే సైట్ల నుంచి వచ్చే లింకులని ఇంకొకరు అనేవారు. ఎవరి మాటా నమ్మక నేనే పరీక్షలు మొదలుపెట్టాను. ఏ భాషలోనూ లేని పిచ్చి మాట ఒకటి కల్పించి, అచ్చం ఒకేలాంటి రెండు పేజీలు తయారుచేసి, ఒకదాంట్లో ఆ మాటను శీర్షికలోనూ రెండోదాంట్లో అడుగునా పెట్టి, రెండు వారాలు ఆగి ఏది పైకి వచ్చిందో నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, అదే నియమం. పైనున్న పేజీకి వెబ్ చిరునామా మార్చేస్తే అది వెతికినా కనబడకుండా పోతుందన్న సంగతీ అలాగే తెలుసుకున్నాను.

అలా నేర్చిన విద్యంతా పోసి, నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే రైలు గురించి ఒక పేజీ పెట్టాను. మా మరదలిది నౌపడే, ఉప్పుమడుల్లో పని చేయించే మేస్త్రీ కూతురు. నా దగ్గరే నెల రోజులు కంప్యూటర్ నేర్చుకుని, తనూ ఆ రైలు గురించే ఒక పేజీ రాసింది. నౌపడలో దిగితే ఎటు నడవాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఏ పెట్టె ఎక్కితే నయం, రైలు తప్పిపోతే పాతపట్నం బస్సు కోసం ఎక్కడ నిలబడాలి, ఇలాంటివే అన్నీ. శీర్షిక సరిగ్గా పెట్టలేదు, లింకుల మాట దేవుడెరుగు. రెండు నెలలు తిరిగేసరికి ఆవిడ పేజీ మొదటిది, నాది నాలుగోది.

రోజూ పొద్దున్నే కాఫీ కన్నా ముందు వెతికి చూసుకునేవాణ్ణి. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆవిడకు ఈమెయిల్లో ఉత్తరాలు రాసేవారు, తల్లిని క్షేమంగా ఊరు చేర్చామని ఒకరు, దారి తప్పకుండా వెళ్ళామని ఒకరు. మరదలు వాటిని అచ్చు తీసి ఇంటికి తెస్తే, మా ఆవిడ నాకే చదివి వినిపించేది. అంతలో విశాఖపట్నంలోని ఒక ప్రయాణాల ఆఫీసువాళ్ళు, మిగతా స్టేషన్ల గురించి కూడా తమకు రాసిపెడతారా అని ఆవిడను అడిగారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అదే వారంలో మరదలు నేను కంప్యూటర్ నేర్పే సెంటరుకి వచ్చి, "బావగారూ, ఆఫీసోళ్ళు పేజీ మళ్ళీ సూస్తారంట. ఇంకా బాగుండాలంటే ఏటి సెయ్యాలో మీరే సెప్పండి" అంది. నేను తల ఎత్తకుండా, చిరునామా మరీ పొడుగ్గా ఉంది, పొట్టిది పెట్టమన్నాను. ఇదీ ఒక పరీక్షేనని నాకు నేను చెప్పుకున్నాను.

ఆవిడ అలాగే మార్చింది. కొన్నాళ్ళకే ఆ పేజీ కనబడకుండా పోయింది. ఉత్తరాలు ఆగిపోయాయి. మీ పేజీ తెరుచుకోవడం లేదని ఆఫీసువాళ్ళు రాశారు. ఇంతా చేస్తే నా పేజీ నాలుగు నుంచి మూడుకి వచ్చింది, అంతే.

కారణం వెతుక్కుంటూ ఆవిడ ఒక మధ్యాహ్నం నా నోటుబుక్కు తిరగేసింది. ఎక్కడ ఉంటుందో నా శిష్యురాలికి తెలియనిది కాదు. చిరునామా మారిస్తే పేజీ పోతుందని నేను తేదీ వేసి రాసుకున్న చోట వేలు పెట్టి నావైపు చూసింది.

"ఇది నాకు సెప్పకముందే రాసుకున్నారు కదా బావగారూ."

నేను నోటుబుక్కు అందుకుని మూసేశాను.

"పైన మీరే ఉండాలనుంటే ఒక్క మాట అనొచ్చు కదా. నేనే తీసేసేదాన్ని."

ఆవిడ మా తమ్ముడికి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ పూటే పాత చిరునామా మళ్ళీ పెట్టి, తప్పు నాదేనని ఆఫీసువాళ్ళకు నా పేరు మీద రాశాను. పేజీ మళ్ళీ పైకి రావడానికి నాలుగు నెలలు పట్టింది. పని మాత్రం ఆవిడకే ఇచ్చారు. శృంగవరపుకోట దాకా, అటు ఒడిశా సరిహద్దు దాకా స్టేషన్లన్నీ తిరిగి రాసింది. నాతో ఎప్పటిలాగే బావగారూ అని మర్యాదగానే ఉండేది. కంప్యూటర్ గురించి మాత్రం ఆ తర్వాత నన్ను ఏదీ అడగలేదు. నాకు అసూయ కూడా పోలేదు. సిగ్గు వచ్చి దాని పక్కన కూర్చుంది, అంతే.

షాపుల పేర్ల మాట ఎలా ఉన్నా, ఇప్పుడు ఏది అడిగినా ఫోనే ఒక్క గొంతుతో జవాబు చెప్పేస్తోంది. ఆ జవాబు మొదట ఎవరు రాశారో, ఎవరి మాటలు అందులో కలిశాయో చాలామందికి అక్కర్లేదు. పోటీ పోయింది కదా అని హాయిగా ఉండాల్సింది. కానీ ఆ రోజుల్లో ఫలానా మాట ఫలానా మనిషి రాసిందని తెలిసేది. తెలిసి, ఆ మనిషిని చూసి కుళ్ళుకోవడానికైనా వీలుండేది.