జీడితోటలో ఎలుగు ఆట

మా ఉద్దానంలో ఎలుగుబంటంటే పెద్దలకు హడల్, పిల్లలకు ముద్దు. అందుకే అంగన్‌వాడీ టీచరు పద్మకుమారి జీడితోటలో పిల్లలతో ఎలుగు ఆట ఆడిస్తుంది. ఒకరు ఎలుగు. అది ఎదురైతే మిగతావాళ్లు పరుగెత్తకూడదు, చేతులు పట్టుకుని మెల్లగా వెనక్కి నడవాలి.

"సదువు సెప్పకుండా ఈ ఆటలేటి?" అని కూతుర్ని దింపడానికొచ్చిన శైలజ ఒకసారి కడిగేసింది. టీచరు నవ్వి ఆట కొనసాగించింది.

మొన్న జీడిపిక్కలు ఏరుతుంటే శైలజకు నిజం ఎలుగే ఎదురైంది. పరుగెత్తబోతే నాలుగేళ్ల కూతురు చెయ్యి పట్టుకుంది.

"పరిగెట్టకమ్మా. ఎనక్కి నడవాల."

అలాగే నడిచి ఇద్దరూ బయటపడ్డారు.

మర్నాడు శైలజ పనసపండు తెచ్చి టీచరు ముందు పెట్టింది. చీర ఎగ్గట్టి, పిల్లల మధ్య చేతులూ మోకాళ్లూ నేలకానించింది.

"ఈయేల ఎలుగు నేనే. రండర్రా!"