కళ్లు మూసుకుని అడిగిన గది

మా బాబాయి ఎప్పుడెప్పుడు కళ్లు మూసుకున్నాడో తేదీలవారీగా రాసిపెడితే అదొక యుగచరిత్ర అవుతుంది. భయం వేసిన ప్రతిసారీ మూసుకునేవాడు. పిన్నిని మొదటిసారి చూసినప్పుడూ అంతే. ఆవిడ రూపురేఖలు ఆయనకు పెళ్లయ్యాకే తెలిశాయి.

సువార్తికులకు శిక్షణనిచ్చే మిషన్ కేంద్రంలో ఆయన వార్డెను. పన్నెండు మంచాల గదిలో ముప్పైమంది సర్దుకుంటున్నారు. కొత్త గది కట్టకపోతే ఈసారి ఎంపికైన పదిహేనుమందినీ రావద్దనాలి. విరాళం అడగడానికి కలప వ్యాపారి దగ్గరికి బాబాయిని పంపారు.

"ఆయనేం మిమ్మల్ని కొరుక్కుతినడు. నోరు తెరిచి అడగండి," అంది పిన్ని.

"తెరుస్తానే. అందులోంచి మాట రావాలిగా!"

అర్జీ బల్లమీద పెట్టి వ్యాపారి ఎదుట కూర్చోగానే బాబాయికి భయం వేసింది. "ముందు ప్రార్థన చేసుకుందామండీ," అని కళ్లు మూసుకున్నాడు. మనిషిని అడగలేనిదంతా దేవుణ్ణి అడిగాడు: గది, మంచాలు, స్నానాలగదులు, చివరికి కిటికీల కొలతలతో సహా. ఎదుటినుంచి ఉలుకూ పలుకూ లేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాడు. ఆమెన్ అంటే కళ్లు తెరవాలి, తెరిస్తే ఆ మొహం చూడాలి. అందుకని పైకప్పు గురించి మళ్లీ మొదలుపెట్టాడు.

అడగడానికి ఇంకేమీ మిగలక కళ్లు తెరిచేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. పదిహేనుమందికీ రావద్దని ఉత్తరాలు రాయాల్సింది తనే. పై ప్రాణాలు పైనే పోయాయి.

"అయ్యగారికి కోపం వచ్చిందా బాబూ?" అని గుమాస్తాను అడిగాడు.

"లేదండీ. గది అనగానే ఒప్పుకుని మీ అర్జీమీద సంతకం పెట్టేశారు. మీరెంతకీ ఆపకపోతే భోజనానికి వెళ్లారు."